నేను ఓటు వేయని అభ్యర్థికి పాట రాయొచ్చా?

తిప్పర్తి పిలగాడు
శనివారం, రాత్రి 10:50

అందరికీ నమస్తే. నాకు ఇరవై ఐదేళ్లు. మాది తిప్పర్తి వైపు ఒక ఊరు, నల్లగొండలో రూములో ఉంటాను. గ్రూప్స్‌కు చదువుతున్నాను. పొద్దున గ్రంథాలయం, మధ్యాహ్నం నుంచి గడియారం సెంటర్ దగ్గర ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పని. ఒక మైకు, ఒక కంప్యూటరు, కీబోర్డు, గోడలకు ఫోము. పెళ్లి పాటలు, బతుకమ్మ, బోనాలు, అయ్యప్ప భజనలు చేస్తాం. ఎన్నికలొస్తే ప్రచార పాటలు. నాన్న రైస్ మిల్లులో హమాలీ, అమ్మ పత్తి ఏరడానికి పోతుంది. స్టూడియోలో వచ్చే డబ్బుతోనే రూము కిరాయి, టెస్టు సిరీస్ ఫీజు వెళ్తున్నాయి.

2025 డిసెంబర్‌లో మూడు విడతల పంచాయతీ ఎన్నికలప్పుడు మా స్టూడియోలో ఎవరూ సరిగా పడుకోలేదు. పాత సర్పంచుల గడువు 2024 జనవరి ఆఖరుకే అయిపోయింది. దాదాపు రెండేళ్లు ఊళ్లను ప్రత్యేకాధికారులే నడిపారు. అందుకే ఈసారి పోటీ గట్టిగా ఉంది. ఈ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు కదా. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్ లాంటివి ఇస్తారు. గుర్తు వచ్చిన సాయంత్రమే ఫోన్లు మొదలయ్యేవి: "రేపు పొద్దున ఆటో తిరగాలె తమ్మీ, ఎట్లన్న జేసి పాట ఇయ్యి." ఉంగరం అయితే ఆరు మాత్రల దరువులో హాయిగా కూర్చుంటుంది. ఫుట్‌బాల్‌ను పల్లవి చివర నిలబెట్టాలంటే వరస మొత్తం మార్చుకోవాలి. రాయడం, ట్రాక్ వేయడం, పాడించడం, మిక్సింగ్ అన్నీ ఒక్క రాత్రిలోనే.

మా సొంత ఊరి నుంచి ఇద్దరు అభ్యర్థులు వచ్చారు. ఇద్దరికీ నేనే రాశాను. ఇద్దరి పాటల్లోనూ చెరువు తూము బాగు చేయిస్తామని ఉంది, బడికి ప్రహరీ కట్టిస్తామని ఉంది. ఎందుకంటే మా ఊరికి కావలసినవి అవే, నాకు తెలిసినవీ అవే. వాళ్లు నాకు చెప్పింది పేరు, గుర్తు, తండ్రి పేరు, "జనంలో మంచి పేరుంది" అన్న మాట. మిగతాది నేను రాశాను. నా ఓటు మాత్రం మూడో మనిషికి వేశాను. ఆమె దగ్గర పాటకు డబ్బులు లేవు, ఇంటింటికీ నడిచింది.

పోలింగ్ రోజు మా నాయనమ్మను బూత్‌కు తీసుకుపోతుంటే దారిలో అన్నది: "ఆ పిలగానికే ఏస్త బిడ్డా. తూము బాగు జేయిస్త అని పాటల చెప్పిండు గదా." ఆ పాట నేను రాసిందని ఆమెకు తెలియదు. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ అయిపోయింది, రెండు నుంచి లెక్కింపు, సాయంత్రానికి ఆయనే గెలిచాడు.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. మన జిల్లాలో పాట, రాజకీయం ఎన్నడూ వేరువేరు కాదు. గొల్లసుద్దులు, బుర్రకథ వరసలు తీసుకొని కవి సుద్దాల హనుమంతు సంఘం (ఆంధ్ర మహాసభ) మాటను ఊరూరికీ చేర్చాడు. 1946 నుంచి 1951 దాకా, తెలంగాణ సాయుధ పోరాటంలో, ఆ పాటలు విని జనం దొరను ప్రశ్నించడం నేర్చుకున్నారు. నేను రాసిన పాట విని మా నాయనమ్మ నమ్మింది. అడగడం నేర్పే పాటకు, నమ్మించే పాటకు మధ్య ఉన్న తేడా నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఓటు వేయని మనిషికి డబ్బు తీసుకొని పాట రాయడం మీ దృష్టిలో సరైనదేనా? పెద్దవాళ్లు, పాట తెలిసినవాళ్లు మనసులో మాట చెప్పండి.

జడ్చర్ల బీట్స్
శనివారం, రాత్రి 11:20

బ్రో, నేను డీజే సెట్ నడుపుతాను, రీమిక్స్‌లు చేస్తాను. గోడ మీద పార్టీ రాతలు రాసే పెయింటర్‌ను ఎవరైనా నీ ఓటు ఎవరికని అడుగుతారా? మనదీ అంతే. నువ్వు రాయకపోతే పక్క సందులో ఇంకొకరు రాస్తారు, నీకంటే చెత్తగా రాస్తారు. మన దగ్గర ఆర్టిస్టుకు ఏడాదంతా పని ఉండదు. పెళ్లిళ్ల సీజన్, వినాయక చవితి, ఎన్నికలు. ఈ మూడింటితోనే ఈఎంఐ కట్టాలి. రాత్రి పది దాటితే సౌండ్ బంద్ చేయాలి, పోలీసులొస్తే మిక్సర్ కూడా పట్టుకుపోతారు. ఇన్ని టెన్షన్ల మధ్య ఎవరి పాట రాశాం అన్న దిగులు కూడా పెట్టుకుంటే బతకలేం. నువ్వు మంచిగా రాశావు కాబట్టే నాయనమ్మ నమ్మింది. అది నీ పనితనం.

మక్తల్ మేస్త్రీ
ఆదివారం, ఉదయం 6:05

తమ్మీ, నేను పుణెలో సెంట్రింగ్ మేస్త్రీని. మాది నారాయణపేట జిల్లా, మక్తల్ మండలం. ఓటుకు మమ్మల్ని తీసుకుపోవడానికి అభ్యర్థులే బస్సులు పెట్టారు. ఆ బస్సులో రాత్రంతా ఒకే పాట. నీలాంటి పిలగాడే ఎవరో రాసి ఉంటాడు. "పాలమూరు బిడ్డలు వలస పోకుండా చూస్తాడు" అని అందులో ఒక చరణం. వలస పోయినవాళ్లను ఓటుకు మోసుకొచ్చే బస్సులోనే ఆ పాట పెట్టారు. నా పక్క సీట్లో మా చిన్నాయన ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ముంబై, పుణె, సూరత్ తిరుగుతున్న మనిషి. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

డబ్బు తీసుకోవడం తప్పని నేను అనను. మా పక్కన దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో వచ్చింది. ఈ విద్య పట్టినవాళ్లు తరతరాలుగా ఊళ్లు తిరిగి పాడారు, పాడినందుకు గింజలు తీసుకున్నారు. అది వాళ్ల కూలి. కానీ పాడింది ఎవరి కథ? పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ. ఉన్నోళ్ల దగ్గర గుంజి లేనోళ్లకు పంచిన వాళ్లని ఊళ్లు ఇప్పటికీ చెప్పుకునే మనుషులు. గింజలు పెట్టినోడి పొగడ్త ఒక్క పూట పాడి ఉండొచ్చు, కానీ వందేళ్లు నిలిచింది సాయన్న కథ. అందుకే నా మాట ఇది: కూలి తీసుకో. అబద్ధం మాత్రం రాయకు. తూము బాగుచేస్తానని ఆయన నీతో అనలేదు. నువ్వు ఆయన నోట్లో పెట్టినావు.

ఇంకొక సంగతి. ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పేరు లేని ఎన్నికల పాట మీ నల్లగొండలో ఉందా? 2005 ప్రాంతంలో మొదలైన పని. మీకు కృష్ణా నీళ్లు తెస్తుందని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర అది కూలింది, ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. మేము పుణెలో ఎట్లనో, వాళ్లు మా దగ్గర అట్ల. మేము సైట్‌లో ఆ వార్త చూసిన రోజు ఎవరూ అన్నం సరిగా తినలేదు. ఆ ఎనిమిది మంది మీద ఎవరైనా పాట కట్టారా? కట్టి ఉంటే నాకు పంపు. లేకపోతే నువ్వు రాయి. దానికి నేను కూలి ఇస్తాను.

తిప్పర్తి పిలగాడు
ఆదివారం, ఉదయం 8:30

మేస్త్రీ అన్నా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. "నోట్లో పెట్టినావు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ పాట మీద నాకు కూలి వద్దు, కానీ మీతో ఫోన్‌లో మాట్లాడాలి. సైట్ మీద పని ఎట్లా ఉంటుందో, ఎత్తు మీద నిలబడినప్పుడు ఏం మాట్లాడుకుంటారో తెలియకుండా రాస్తే అది కూడా కల్పనే అవుతుంది.

మెట్టుగడ్డ చెల్లె
ఆదివారం, మధ్యాహ్నం 12:15

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. నేనూ గ్రూప్స్ బ్యాచే. లైబ్రరీలో కూర్చునే మాకు రాజకీయం అంటే ముందు నోటిఫికేషనే గుర్తొస్తుంది. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో ఒకసారి రాశాం, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాం, కోర్టులో రద్దయింది. 783 పోస్టుల గ్రూప్-2 పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్‌లో జరిగింది. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే "పరీక్ష అయ్యాక" అని చెప్పిన ప్రతిసారీ ఆ పరీక్షే జరగలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని పాత పాటలు వినకపోతే ఆ నెలలు ఎట్లా గడిచేవో నాకు తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. మా అమ్మ ఈసారి వార్డు మెంబరుగా నిలబడింది. మన పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. మా ఊరి సర్పంచ్ సీటు కూడా మహిళకే వచ్చింది. పోటీ చేసిన ముగ్గురూ ఆడవాళ్లే. మూడు ఆటోలు తిరిగాయి, మూడు పాటలు మోగాయి. మూడింటిలోనూ పల్లవిలో ఉన్నది భర్త పేరు. ఒకదానిలో అయితే అభ్యర్థి పేరు చివరి చరణంలో ఒక్కసారి వచ్చింది, అదీ "ఆయన సతీమణి" అని. బ్యాలెట్ మీద ఉన్నది ఆమె. గెలిస్తే సంతకం పెట్టాల్సింది ఆమె. పాటలో మాత్రం ఆమె లేదు.

అమ్మకు ఆటో పెట్టే స్థోమత లేదు. వాడకట్టులో ఆడవాళ్లు బతుకమ్మ ఆడినట్టే చుట్టూ చేరి, "ఉయ్యాలో" అని ముగిసే వరసలో అమ్మ మీద తామే పాట కట్టారు. మురికి కాలువ గురించి, వీధి దీపం గురించి, డెలివరీకి పోతుంటే అంబులెన్స్ తిరగలేని మలుపు గురించి. ఒకామె ఒక లైను అంటే ఇంకొకామె దానికి జవాబు కలిపింది. అమ్మ ఏం చేయాలో ఆ పాటలో వాళ్లే చెప్పారు. అమ్మ గెలవలేదు. కానీ మా వాడకట్టులో అప్పటిదాకా ఆడవాళ్లు అట్లా కూర్చొని కాలువ గురించి మాట్లాడటం నేను చూడలేదు.

తిప్పర్తి అన్నా, మీరు ఆడ అభ్యర్థులకు రాసినప్పుడు పల్లవిలో ఎవరి పేరు పెట్టారు?

తిప్పర్తి పిలగాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:40

సూటిగా అడిగావు చెల్లె, సూటిగానే చెప్తాను. పాట ఆర్డర్ ఇవ్వడానికి స్టూడియోకు వచ్చినవాళ్లలో ఒక్క అభ్యర్థి కూడా ఆడమనిషి లేదు. భర్త వస్తాడు, లేదా కొడుకు, బామ్మర్ది. కాగితం మీద రాసిచ్చే మొదటి పేరే భర్తది. "ఆమె పేరు ఎవరికి తెలుసు, మనోని పేరు పెట్టు" అంటారు. ఇద్దరితో నేను వాదించాను. ఒకరు ఒప్పుకున్నారు, ఆ పాటలో పల్లవి మొత్తం ఆమె పేరు మీదే ఉంది. ఇంకొకరు వేరే స్టూడియోకు పోయారు. మీ వాడకట్టు పాట ఎవరైనా ఫోన్‌లో రికార్డు చేశారా? ఉంటే దయచేసి దాచిపెట్టండి.

మర్రిగూడ టీచరమ్మ
ఆదివారం, రాత్రి 9:10

బాబూ, నేను మర్రిగూడ మండలంలో చాలాకాలం పాఠాలు చెప్పాను. నీ వయసు వాళ్లకు తెలియని ఒక ఎన్నిక గురించి చెప్తాను, ఎందుకంటే అది పాట లేకుండా జనం వినిపించిన గొంతు.

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. పదవి కోసం కాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు తాగే నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. మా బోర్లలో అంతకు మించి ఉండేది. పిల్లల పళ్లు గారపట్టేవి, పెద్దల నడుములు వంగిపోయేవి, కొందరికి మెడ తిప్పడం కూడా రాదు. కృష్ణా నీళ్లు ఇవ్వండని ఎంత అడిగినా ఎవరూ వినకపోతే జల సాధన సమితి పిలుపు మీద రైతులు, బాధితులు వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా ఫ్లోరైడ్ గురించి అడిగింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్ల కంటే ముందు ఆ మార్పు వచ్చిందని అప్పట్లో మా దగ్గర చాలామంది బాధపడ్డారు.

ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కొత్తగా పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, అది చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారుగా కావు. ఆ తరం వాళ్లు ఇంకా మా ఊళ్లలోనే ఉన్నారు.

నీ ప్రశ్నకు వస్తాను. నువ్వు రాసిన పాటల్లో నిజం లేదని నేను అనను. తూము నిజం, ప్రహరీ లేని బడి నిజం. మేస్త్రీ గారు అన్నట్టు నువ్వు వాటిని ఆయన నోట్లో పెట్టావు, ఆయన వద్దనలేదు. మైకులో ఊరంతా వినిపించాడు. ఆ మాటతో ఓట్లు పడ్డాయి, మీ నాయనమ్మది కూడా. అంటే అది ఇప్పుడు ఆయన మాటే. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలి. ఆ సభలో మీ నాయనమ్మ లేచి "తూము సంగతేంది బిడ్డా" అని అడగొచ్చు. నీ దగ్గర ఆ పాట ఉంది కదా? ఆ హామీలు ఒక కాగితం మీద రాసి ఆమెకు ఇవ్వు. చదవడం రాకపోతే నువ్వే పక్కన నిలబడి చదువు.

దేవరకొండ డప్పు కాక
ఆదివారం, రాత్రి 10:35

నా మనవరాలు టైపు చేస్తున్నది, మాట నాది.

పిలగా, నువ్వు పాట గురించి అడుగుతున్నవు, నేను దరువు గురించి చెప్త. మా నాయిన, నేను డప్పు కొట్టినోళ్లమే. పెళ్లికి, చావుకు, పీర్ల పండుగకు, బోనాలకు. ఒకప్పుడు కూలి లేదు. కొట్టాల్సిందే, కొట్టకపోతే ఊర్ల ఉండనీయరు. గింజలు ఇచ్చినా ఇయ్యకున్నా అడిగే హక్కు లేదు. ఇప్పుడు మేము పదిమందిమి కలిసి బృందం కట్టినం, ఊరేగింపుకు ఇంత అని ముందే మాట్లాడుకుంటం. అందుకే కూలి తీసుకున్నవని నిన్ను తప్పుపట్టినోళ్ల మాట నేను ఒప్పను. కూలి లేకుండా పాడించుకోవుడే అసలు తప్పు.

పార్టీలోళ్ల ఊరేగింపులకు మేము కొడతం. మా బృందంల నాలుగు పార్టీలోళ్లు ఉన్నరు. కొట్టేటప్పుడు ఎవని జెండా అని చూడం. కానీ ఒక కట్టుబాటు పెట్టుకున్నం: ఎదుటి మనిషి కులాన్ని తిట్టే నినాదం వస్తే డప్పు ఆపేస్తం. ఒకసారి ఆపినం కూడా. వాళ్లు డబ్బులు సగమే ఇచ్చిండ్రు. పోనీ అనుకున్నం. నీకూ అట్లాంటి గీత ఒకటి ఉండాలె. అది ఎక్కడ గీయాలో నీ ఇష్టం, కానీ గీసినంక దాటొద్దు.

ఇంకోటి. మీ స్టూడియోలల్ల డప్పు అని వినిపించేది చాలా వరకు కీబోర్డుల మీటనే. నిజం డప్పును మంట కాడ కాపుతరు. తోలు బిగిసి, చిర్ర అనే పొట్టి కర్ర తగిలినప్పుడు ఒక మోత, సిటికెన పుల్ల తగిలినప్పుడు ఇంకో మోత వస్తది. చలికాలంల తోలు సల్లబడితే మోత చస్తది, మళ్ల కాపాలె. కీబోర్డుకు చలి లేదు, మంట లేదు. పదిమంది కడుపు నింపే పనిని ఒక మీట మింగుతున్నది. నీ పాటలకు మమ్మల్ని పిలువు. ఖర్చు ఎక్కువైతదని నీ ఓనర్ అంటడు. అనని. అడిగి చూడు.

వేదిక నిర్వాహకులు
సోమవారం, ఉదయం 9:00

చర్చ చక్కగా నడుస్తోంది. ఎన్నికల గురించి మాట్లాడేటప్పుడు ఊరి అభ్యర్థుల పేర్లు గానీ, గుర్తుపట్టగల వివరాలు గానీ రాయవద్దని మనవి.

నకిరేకల్ వకీలు
సోమవారం, మధ్యాహ్నం 2:20

టీచర్ గారి సలహాలో చట్టం సంగతి ఒకటి ఉంది కాబట్టి రాస్తున్నాను. పాటలోని హామీలను కాగితం మీద రాసి గ్రామసభలో అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హామీ మీద కాపీరైటు ఉండదు. కాపీరైటు ఉండేది పదాల కూర్పు మీద, వరస మీద, రికార్డింగు మీద.

ఇక ఆ పాట ఎవరిది అన్న ప్రశ్న. తమ్ముడూ, నువ్వు స్టూడియోలో నెల జీతానికి పనిచేస్తున్నావా, పాటకు ఇంత అని తీసుకుంటున్నావా? 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగిగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది అవుతుంది. ఉద్యోగివి కాకుండా పాటకు ఇంత అని రాస్తే సాహిత్యం మొదట రాసినవాడిదే. దాన్ని వేరేవాళ్లకు రాసివ్వాలంటే కాగితం మీద సంతకం ఉండాలి, నోటి మాట చాలదు. ఎన్నేళ్లకు ఇచ్చారో అందులో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు.

ఇది ఎన్నికల పాటల కంటే జానపద పాటలకు ఎక్కువ అవసరం. మన పల్లెల్లో పాట కట్టే పిల్లలు యూట్యూబ్ ఛానళ్లకు ఏదో కొంత తీసుకొని పాట ఇచ్చేస్తున్నారు. తర్వాత అది కోట్ల వ్యూస్ పోతే చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. 2012లో చట్టం సవరించారు. రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు రావలసిన వాటాను వదులుకుంటున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. పాట కట్టేవాళ్లు ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరవచ్చు, రాయల్టీలు వసూలు చేసి పంచేది ఆ సంస్థే. ఊరి జానపదం, కర్త ఎవరో తెలియని పాట అయితే ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఎవరో చేసిన రికార్డింగును ఎత్తి పెట్టుకుంటే మాత్రం యూట్యూబ్‌లో కాపీరైటు స్ట్రైక్ పడుతుంది.

బడి చదువు లేకుండా పశువులు కాసిన అందెశ్రీ గారి పాటను 2024 జూన్ 2న రాష్ట్ర గీతంగా విన్నాం. సంగీతం ఎవరు చేయాలన్న దాని మీద అప్పుడు పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చలో నాకు నచ్చింది ఒక్కటే: పాట రాసినవాడి పేరు చిన్న పిల్లలకు కూడా తెలిసింది. మన ఊరి పాటలకు ఆ పేరే దక్కడం లేదు.

జడ్చర్ల బీట్స్
సోమవారం, సాయంత్రం 6:45

సార్ చెప్పింది మంచిగుంది. కానీ తిప్పర్తి బ్రో, ఒకటి ఆలోచించు. నువ్వు రాసిన పాటలోని హామీలే గ్రామసభలో చదివావని తెలిస్తే వచ్చే ఎన్నికల్లో నీ స్టూడియో మెట్లు ఎవడు ఎక్కుతాడు? మీ ఓనర్ ఊరుకుంటాడా? నీ కోసమే చెప్తున్నాను.

తిప్పర్తి పిలగాడు
మంగళవారం, రాత్రి 11:05

అందరికీ కలిపి రాస్తున్నాను.

జడ్చర్ల బ్రో అడిగింది నేనూ అడిగాను, నేరుగా మా ఓనర్ అన్ననే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు మీ ఊరోనివి, మీ ఊరి సభల మాట్లాడుకో. స్టూడియో పేరు మాత్రం తేకు" అన్నాడు. అది న్యాయమే. ఎన్నికల ఫైళ్లు నెలకోసారి తుడిచేస్తాం, డిస్కులో చోటు ఉండదు. ఈసారి తుడవకముందే మా ఊరి రెండు పాటలు నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. వకీలు సార్, నాది జీతం కాదు, పాటకు ఇంత అనే లెక్క. కాగితం ఏదీ రాసుకోలేదు. ఇకమీదట రాసుకుంటాం.

హామీలు కాగితం మీద రాశాను: తూము, ప్రహరీ, శ్మశానానికి దారి, ఎస్సీ కాలనీలో వీధి దీపాలు. నాయనమ్మకు చదివి వినిపించాను. ఆ పాట నాదేనని కూడా చెప్పాను. ఆమె కోప్పడలేదు. "నువ్వు రాసినా ఆయన ఒప్పుకునే గదా మైకుల ఏయించుకున్నది" అన్నది. టీచర్, మీరు చెప్పిన మాటే అది. సభలో తానే అడుగుతానన్నది. ఓడిపోయిన అభ్యర్థి పాటలో ఉన్న ఒక మంచి మాట, అంగన్‌వాడీకి నీళ్ల ట్యాంకు, అది కూడా ఈ కాగితంలో కలపమని పట్టుబట్టింది. కలిపాను.

నా ప్రశ్నకు నాకు దొరికిన జవాబు కూడా చెప్తాను. రాస్తాను, కూలి తీసుకుంటాను. కానీ ఇకమీదట అభ్యర్థి నా ముందు కూర్చొని ఏం చేస్తాడో తన నోటితో చెప్పాలి. చెప్పిందే రాస్తాను. ఆడమనిషి పోటీలో ఉంటే ఆమే వచ్చి చెప్పాలి, రాలేకపోతే ఫోన్‌లో ఆమే మాట్లాడాలి. ఈ షరతుకు కొందరు పోతారు. పోనీ. డప్పు కాక చెప్పిన గీత నాకు ఇది.

చెల్లె, మీ అమ్మగారి పాట రికార్డింగ్ పంపావు, విన్నాను. మలుపు చరణం దగ్గర వెనక నుంచి ఎవరో పెద్దామె గొంతు కలిపింది చూడు, అంత బలమైన గొంతు మా స్టూడియోలో నేను ఇప్పటిదాకా వినలేదు. వాళ్లు ఒప్పుకుంటే శుభ్రంగా మళ్లీ రికార్డు చేద్దాం. కట్టినవాళ్లందరి పేర్లూ పెడదాం.

మక్తల్ మేస్త్రీ
బుధవారం, ఉదయం 5:50

తమ్మీ, నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినవాటికి ఇంకొన్ని గుర్తొచ్చాయి, వాయిస్ మెసేజ్ పెట్టాను. మా సైట్‌లో జార్ఖండ్ పిలగాళ్లు ఇద్దరు ఉన్నారు. సాయంత్రం పని అయ్యాక వాళ్లు వాళ్ల భాషలో ఒక పాట పాడతారు, ఇల్లు గుర్తొచ్చినప్పుడు పాడేదట. వాళ్లను అడిగి రికార్డు చేసి పంపుతాను. సొరంగం పాటలో వాళ్ల వరస ఒక్క చరణంలోనైనా ఉండాలి. అక్కడ చిక్కుకున్నది వాళ్ల ఊళ్లవాళ్లే కదా.

దేవరకొండ డప్పు కాక
బుధవారం, రాత్రి 8:20

గ్రామసభ సంగతి ఊరికి ఎట్ల తెలుస్తది పిలగా? వాట్సాప్‌ల పెడతరు, అది మీ నాయనమ్మ అసోంటోళ్లకు చేరదు. ఎనకట సభ ఉందంటే ముందురోజు పొద్దుమూకినంక డప్పుతోని చాటింపు ఏసేది. మీ ఊర్ల డప్పు కొట్టేటోళ్లు ఉంటే వాళ్లను పిలువు, లేకుంటే మేము ఇద్దరం బస్సెక్కి వస్తం. ఒక్క మాట మాత్రం ముందే తేల్చుకో: చాటింపు కూలి పంచాయతీ ఇస్తదా, ఇయ్యదా అని సెక్రటరీని అడిగి కాగితం మీద రాయించు. ఊరి పని అని ఉచితంగా మాత్రం కొట్టం.

తిప్పర్తి పిలగాడు
బుధవారం, రాత్రి 8:45

రేపు పొద్దున లైబ్రరీకి పోయే ముందే సెక్రటరీ గారిని కలుస్తాను కాకా. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.